దీపాల వేళ బోణీ

దీపావళి పొద్దున్నే బసవయ్య పడక కుర్చీలో కూర్చుని ఆ రోజు పనులన్నీ పంచిపెట్టాడు. భార్య నాగమణమ్మ ఇల్లు కడగాలి, మామిడాకులు కట్టాలి, బచ్చాలనే బొబ్బట్లు చేయాలి, పులిహోర కలపాలి, వెండి సామాను తోమాలి, ప్రమిదల్లో వత్తులు వేయాలి. కూతురు స్రవ్య గుమ్మం ముందు ముగ్గు వేయాలి. తనకు మాత్రం ఒక్కటే పని పెట్టుకున్నాడు. సాయంత్రం లక్ష్మీదేవి ఇంట్లోకి వచ్చాక మళ్ళీ వెళ్ళిపోకుండా చూసుకోవడం. అన్నిటిలోకీ కష్టమైన పని అదే కనుక మిగతా వాటికి తనను పిలవవద్దని ముందే చెప్పేశాడు.

ఉస్మాన్‌గంజ్‌లో బసవయ్యది మిర్చి, చింతపండు హోల్‌సేల్ దుకాణం. తాతల నాటిది. ఆ ఏడు గిరాకీ బాగా మందగించింది. ఎందుకు మందగించిందో తెలుసుకోవాలంటే బజారు వైపు చూడాలి. బసవయ్య వంటింటి వైపు చూశాడు. కారణం అక్కడే దొరికింది.

"పోయిన దీపావళికి దీపాలు పెట్టినంక ఎదురింటోళ్ళకు పెరుగు తోడు ఇచ్చినవ్. లక్ష్మి గా గిన్నెల కూసోని పోయింది" అని ఏడాది పొడవునా భార్యకు చెబుతూనే ఉన్నాడు.

"ఇచ్చింది చెంచెడు తోడు. అండ్ల లక్ష్మి ఎట్ల పట్టిందయ్యా?" అని ఆమె ఒకసారి అడిగింది.

"దుకాణం నడిపేటోళ్ళకు ఎరుక గవన్నీ" అన్నాడు బసవయ్య.

ఈ కథ చెబుతున్నవాడిదీ గంజే. మాకు నష్టం వస్తే కారణం ఇంట్లో వెతుకుతాం, లాభం వస్తే అద్దంలో వెతుకుతాం. కాబట్టి బసవయ్యను చూసి నవ్వుతున్నానంటే సగం నవ్వు నా మీదేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

పైగా ఈసారి పండుగ మీద పెద్ద ఆశే ఉంది. గద్వాల భిక్షపతి మిర్చి లారీ మర్నాడు పొద్దున గంజ్‌కు రాబోతోంది. పండుగ తెల్లారి మొదటి లారీ ఏ దుకాణం ముందు ఆగితే ఆ ఏడాది ఆ దుకాణానిదే అని గంజ్‌లో నమ్మకం. భిక్షపతి ఈసారి బసవయ్యకు మాటిచ్చాడు. అయితే ఆయనకు శకునాల పిచ్చి. పిల్లి ఎదురైతే లారీ ఇంజన్ ఆపించే రకం. అందుకే పూజలో ఏ చిన్న తేడా రాకూడదని బసవయ్య రెండు నియమాలు పెట్టాడు.

మొదటిది, దీపాలు పెట్టినప్పటి నుంచి హారతి ఇచ్చేదాకా ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి పోకూడదు. ఇది అందరిళ్ళలోనూ ఉన్నదే. రెండోది మాత్రం బసవయ్య సొంత బుర్రలో పుట్టింది. దుకాణానికి పొద్దున్నే వచ్చే మొదటి గిరాకీని బోణీ అంటారు. బోణీ గిరాకీ ఉత్త చేతులతో వాపసు పోతే రోజంతా దండగే. అందుకని ధర తగ్గించైనా సరే ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపుతారు. దుకాణానికి ఉన్న పద్ధతి దేవుడింటికి మాత్రం ఎందుకు ఉండకూడదు? దీపాలు పెట్టాక గడప దాటి వచ్చే మొదటి ముత్తైదువే లక్ష్మి బోణీ. ఆమె ఉత్త చేతులతో పోకూడదు. ఈ ఆలోచన వచ్చిన రోజు బసవయ్య తనను తానే మెచ్చుకున్నాడు. రెండు నియమాలూ కలిసి ఒకే మనిషికి తగిలితే ఏమవుతుందో మాత్రం ఆలోచించలేదు.

స్రవ్యకు పండుగపూట కూడా ఆఫీసు కాల్ తగులుకుంది. దాంతో ముగ్గు కూడా నాగమణమ్మ మీదే పడింది. ఆమె గడప దగ్గర కూర్చుని బియ్యప్పిండితో లక్ష్మి పాదాలు వేస్తుంటే బసవయ్య పర్యవేక్షణకు వచ్చాడు.

"ఏ, జర అటు జరుగు. లక్ష్మి వచ్చే తొవ్వకు అడ్డం కూసున్నవ్."

నాగమణమ్మ పిండి చేత్తోనే పక్కకు జరిగింది. "పొద్దుగాల సంది చాయ్ తాగలే. ఎవరన్న జర పెట్టియ్యుండ్రి" అంది. ఆ మాట ఎవరి చెవినా పడలేదు. పడినా ఇంట్లో చాయ్ పెట్టేది ఆమె ఒక్కతే.

సాయంత్రానికి అంతా సిద్ధమైంది. పూజ చేయించే అయ్యగారికి గంజ్ దుకాణాల పూజలతో తీరిక లేక మంత్రాలన్నీ రికార్డు చేసి స్రవ్య ఫోన్‌కు పంపారు. ఎనిమిది లోపల హారతి అయిపోవాలని చివర్లో గట్టిగా చెప్పారు. ఇక మిగిలింది వెండి లక్ష్మి విగ్రహం. అది ఇనుప్పెట్టెలో ఉంటుంది. పీట మీద అన్నీ సర్దాక చివరగా ఇంటి ఇల్లాలు పెట్టె తెరిచి అమ్మవారిని తేవడం వాళ్ళ ఆనవాయితీ. ఆ పెట్టె తాళాల గుత్తి నాగమణమ్మ నడుముకే ఉంటుంది. ఆమె దీపాలు వెలిగించింది. బసవయ్య పట్టుపంచె సర్దుకుని, తలుపు బార్లా తీసి, గల్లా ముందు నిలబడినట్టు గడప ముందు నిలబడ్డాడు.

బోణీ వెంటనే అయింది. ఎదురింటి బిందుమాధవి పట్టుచీర కట్టుకుని చకచకా మెట్లెక్కి వచ్చింది. ఆమె భర్త జగన్నాథరావు రాజమండ్రి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సర్కారు ఉద్యోగి. ఆ గల్లీలో అద్దెకు దిగి మూడేళ్ళవుతోంది.

"రా చెల్లె, రా. లక్ష్మి లెక్క వచ్చినవ్" అన్నాడు బసవయ్య. నిజంగానే కళ్ళు చెమర్చాయి.

"పండగపూట ఇబ్బంది పెడుతున్నాను అన్నయ్యగారూ. ఒక్క కర్పూరం బిళ్ళ ఉంటే ఇస్తారా? మా ఇంట్లో డబ్బా తీసి చూస్తే అంతా ఆవిరైపోయిందండీ."

బసవయ్య మొహం పాలిపోయింది. కర్పూరం ఇస్తే లక్ష్మి బయటికి పోతుంది. ఇవ్వకపోతే బోణీ ఉత్త చేతులతో పోతుంది. మిర్చి బేరంలో ఎంతటివాడినైనా మాటల్తో ముంచే మనిషి, కర్పూరం బిళ్ళ దగ్గర మునిగిపోయాడు.

"ఇయ్యరాదు చెల్లె. దీపాలు పెట్టినం గదా."

"అయ్యో, అవును కదండీ. ఫర్వాలేదు, వెళ్ళొస్తాను."

"పోరాదు."

"అదేంటండీ?"

"నువ్వు బోణీ. ఉత్త చేతులతోని పోవద్దు. జర కూసో, మాది హారతి గానియ్యి. అయినంక కర్పూరం డబ్బకు డబ్బ తీస్కపో. ఎంతసేపు, ఇట్ల అయిపోతది." అంటూ కుర్చీ తెచ్చి గడపకు అడ్డంగానే వేశాడు.

బిందుమాధవి కాదనలేక కూర్చుంది. "మా పూజలో కూర్చోవాల్సింది నేనేనండీ. అత్తయ్యగారు కంగారుపడతారు. ఫోన్ కూడా ఇంట్లో చార్జింగ్‌లో పెట్టి వచ్చాను" అంది.

"బాపూ, గిది కిడ్నాప్ అంటరు" అంది స్రవ్య లోపలి నుంచి.

"నోరు మూసుకో. మర్యాద అంటరు దీన్ని."

జగన్నాథరావుకు ఫోన్ చేశారు. గల్లీలో టపాసుల మోతకు ఆయనకు వినపడలేదు. అప్పుడు బసవయ్య వెనక్కి తిరిగి, పులిహోర గిన్నె తెచ్చి పీట దగ్గర పెడుతున్న భార్యతో అన్నాడు. "నువ్వు పోయి వాళ్ళత్తకు చెప్పి రా. పెద్దమనిషివి పోతే ఇజ్జతుంటది."

"నేనా?" అంది నాగమణమ్మ.

"నువ్వు గాకపోతే ఎవరు? ఇట్ల పోయి అట్ల రా."

ఆమె భర్తను ఒకసారి, గడపకు అడ్డంగా ఉన్న కుర్చీని ఒకసారి చూసింది. కుర్చీ పక్క నుంచి ఒద్దికగా దాటి, తాను పొద్దున వేసిన లక్ష్మి పాదాలు తొక్కకుండా మెట్లు దిగింది. లోపలికి వస్తున్నట్టు వేసిన పాదాల పక్కనే ఇంటి ఇల్లాలు బయటికి నడిచి వెళ్ళింది. బసవయ్య అది చూడలేదు. లక్ష్మి పోకుండా కాపలా కాస్తున్నాడు.

ఇట్ల పోయిన మనిషి అట్ల రాలేదు. ఏడు దాటింది. ఫోన్‌లో అయ్యగారి మంత్రాలు ఒకసారి అయిపోయి మళ్ళీ మొదటికొచ్చాయి. అప్పుడు జగన్నాథరావు ఎదురింటి గడప మీద నిలబడి పిలిచాడు.

"బసవయ్యగారూ, మీ ఇంటావిడ మా ఇంట్లో క్షేమంగానే ఉన్నారండీ."

"క్షేమం సరే రావుసాబ్, తోలియ్యరాదా మరి?"

"అక్కడే వచ్చిందండీ చిక్కు. దీపాలవేళ మా ఇంటికొచ్చిన మొదటి ముత్తైదువ ఆవిడే. హారతి కళ్ళకద్దించి, తాంబూలం ఇచ్చి పంపాలి తప్ప ఊరికే పంపితే అరిష్టం అంటుంది మా అమ్మ. హారతి ఇవ్వాలంటే మా ఆవిడ రావాలి కదా. పంపించండి."

"అరె, మాది హారతి గాక ఆమెను ఎట్ల పంపుత? మా హారతికి నా పెండ్లాం రావాలె. అమ్మవారు పెట్టెల ఉన్నది, తాళాలు ఆమె తాన ఉన్నయి."

జగన్నాథరావు ఒక్కొక్క వేలే మడిచి లెక్కపెట్టాడు. "అంటే మీ ఆవిడ వస్తేగానీ మీ హారతి అవదు. మీ హారతి అయితేగానీ మా ఆవిడ రాదు. మా ఆవిడ వస్తేగానీ మా హారతి అవదు. మా హారతి అయితేగానీ మీ ఆవిడ రాదు. అచ్చం మా ఆఫీసులో ఫైలు తిరిగినట్టుందండీ" అన్నాడు, ఆ చిక్కులో ఏదో సొంత ఊరి వాసన తగిలినట్టు కాస్త సంతోషంగానే.

ఇద్దరూ గల్లీ మధ్యకు దిగారు. ఇరుపక్కల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. గల్లీ మొదట్లో బంతిపూలు అమ్ముకునే కాశమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని, "ఏమైందే?" అని ఒకరిని అడిగింది. బసవయ్య ఇంటి లక్ష్మి నాగమణమ్మ ఎదురింటికి పోయింది, ఇంకా రాలేదు అని జవాబొచ్చింది. అది నిజమే. కాశమ్మ మిగిలిన పూలు అమ్ముకోవడానికి గంజ్ వైపు వెళ్ళింది. దుకాణం దుకాణానికీ ఆ మాట కొంచెం కొంచెం పెరిగి, నాగమణమ్మ పేరు రాలిపోయి లక్ష్మి ఒక్కటే మిగిలింది. కాసేపటికి బసవయ్య ఫోన్ మోగింది. భిక్షపతి.

"ఏం బసవన్నా, మీ ఇంట్లకెళ్లి లక్ష్మి ఎల్లిపోయిందట?"

"ఎవడన్నడు?"

"గంజ్ల అందరు అంటున్నరు. పండుగనాడే తలుపులు తెరిసి చూస్తుంటే ఎల్లిపోయిందట. లారీ చాంద్రాయణగుట్ట కాడ ఆపించిన. తెల్లారి నీ తాన దింపమంటవా, ఇంకో దుకాణం చూసుకోమంటవా? నాకు జర ఫికరైతుంది."

"ఎక్కడికి పోలే భాయ్. ఎదురింట్లనే ఉన్నది. అంటే, గట్ల గాదు. ఆగు, నేను చేస్త" అని ఫోన్ పెట్టేశాడు. లారీ పోతే పోయింది, భిక్షపతి నోట్లో పడిన మాట గద్వాల దాకా పోతుంది. ఏడాది పొడవునా పెరుగు గిన్నెను తిట్టిన మనిషికి ఇప్పుడు తిట్టడానికి ఎవరూ కనిపించలేదు. పంపింది తనే.

ఇంతలో డానియేలు ఆటో హారన్ కొడుతూ గల్లీలోకి వచ్చి, ముందుకు తొవ్వ లేక ఆగిపోయాడు. అతని ఇల్లు గల్లీ చివర.

"ఏంది సేఠ్, ఏం లొల్లి? జర తొవ్వ ఇయ్యుండ్రి."

ఇద్దరూ ఒకేసారి చెప్పారు. రెండోసారి ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. డానియేలు నవ్వు ఆపుకోవడానికి హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాడు.

"దీన్ల ఏమున్నది సేఠ్. మీ తాన ఉన్నామెను మీరు ఇడువుండ్రి, సార్ తాన ఉన్నామెను సార్ ఇడుస్తడు."

"ముందుగాల ఎవరు ఇడువాలె?" అన్నాడు బసవయ్య.

"మీరే ముందు పట్టుకున్నారు కాబట్టి మీరే" అన్నాడు జగన్నాథరావు.

"ముందుగాల పంపినోని ఇంట్లకెళ్లే గద లక్ష్మి పోయినట్టు."

"అయితే ఇద్దరు ఒక్కసారే గడప దాటాలె. నాది ఇటు లేదు, అటు లేదు. అంకెలు నేను జెప్త" అన్నాడు డానియేలు. ఇద్దరూ ఒప్పుకున్నారు. బిందుమాధవిని ఈ గడప మీద నిలబెట్టారు. ఎదురింటి తలుపు తెరిచే ఉంది. డానియేలు ఆటోలోంచే చెయ్యెత్తి, "ఒకటి, రెండు, తీన్" అన్నాడు.

బిందుమాధవి గడప దాటింది. దాటడమే కాదు, పట్టుచీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఇంకెవరైనా కూర్చోబెడతారేమోనని ఒక్క ఉదుటున తన ఇంట్లో పడింది. ఎదురు గడప మీదికి మాత్రం ఎవరూ రాలేదు. బసవయ్యకు ఉన్న బోణీ ఉత్త చేతులతో పోయింది, పోయిన లక్ష్మి వాపసు రాలేదు. మూడంకెల్లో రెండు నష్టాలు.

"రావుసాబ్, గిది దగా."

"ఒట్టండీ, మేం ఆపలేదు. ఆవిడే లేవనంటున్నారు."

బసవయ్య చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురింటి గుమ్మంలోకి వెళ్ళి చూశాడు. నాగమణమ్మ మెత్తటి కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. కాళ్ళకు పసుపు, తలలో మల్లెపూలు. చేతిలో కాఫీ గ్లాసు. పక్కనే జగన్నాథరావు తల్లి వెంకటలక్ష్మి విసనకర్రతో విసురుతోంది.

"తాగమ్మా, చల్లారిపోతుంది. గారె ఇంకోటి వెయ్యనా?" అంటోంది ఆ పెద్దావిడ.

"లేస్తవా, ఎనిమిదైతున్నది" అన్నాడు బసవయ్య.

"కూసోని ఎంతసేపైంది? పొద్దుగాల సంది ఇదే మొదలు కూసునుడు" అంది నాగమణమ్మ. గొంతులో కోపం లేదు. అదే బసవయ్యను భయపెట్టింది.

"అవతల లారీ ఆగింది. భిక్షపతి ఫోన్ మీద ఫోన్."

"లక్ష్మి పోయిందన్నడా?"

"ఆ."

"పోలే అని చెప్పు. తొవ్వకు అడ్డం కూసున్నవ్, అటు జరుగు అంటివి. జరిగిన. జరిగి జరిగి ఇక్కడిదాంక వచ్చిన."

గల్లీ మొత్తం గుమ్మంలోనే ఉంది. బసవయ్యకు సిగ్గేసింది. పొద్దున అన్న మాట తనకు గుర్తే లేదు. ఆమె చెబితేనే గుర్తొచ్చింది, ఆ వెంటనే ఆమె చాయ్ అడగడం కూడా గుర్తొచ్చింది. మొదటిసారి గొంతు తగ్గించాడు.

"సరే, ఏం గావాలె చెప్పు."

"ఎదురింటామె వస్తే రా చెల్లె అని కుర్సీ ఏసినవ్ గదా. నన్ను గట్లనే బొట్టు పెట్టి పిలువు. నేను ఆ కుర్సీలనే కూసుంట."

"పిలుస్త."

"చాయ్ నువ్వు పెట్టాలె."

"పెడ్త."

వెనక డానియేలు ఆటో ఇంజన్ ఆపేశాడు. బసవయ్య బేరమాడకుండా చెప్పిన ధరకు ఒప్పుకోవడం ఆ గల్లీలో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

"మల్ల వీళ్ళకు కర్పూరం తెచ్చియ్యి. పాపం, గందుకే గద ఆమె వచ్చింది. అది లేక హారతి ఆగింది."

"దీపాలు పెట్టినంక..." అని మొదలుపెట్టాడు బసవయ్య.

"పెట్టినంక?"

"తెస్త."

ఇల్లు దాటి చిటికెడు ఉప్పు పోకూడదన్న మనిషి, కుంకుమ భరిణె ఒక చేత్తో, కర్పూరం డబ్బా ఒక చేత్తో పట్టుకుని అందరూ చూస్తుండగా గల్లీ దాటాడు. "పోయినేడు లక్ష్మి చెంచెడు తోడుల పోయిందని లొల్లి చేసిన. ఈయేడు నేనే చెప్పి తోలిచ్చిన. నా అసోంటి తెలివిగల్లోడు గంజ్ల ఇంకొకడు లేడు" అని దారిలో డానియేలుతో అన్నాడు. డానియేలు మళ్ళీ హ్యాండిల్ మీద తల పెట్టుకున్నాడు.

ఆ ఇంట్లో హారతి అయింది. వెంకటలక్ష్మి నాగమణమ్మ చేతిలో తాంబూలం పెట్టి, "నువ్వొచ్చిన వేళ మంచిదమ్మా, రేపు కూడా రా" అంది. రేపటి మాట వినగానే బసవయ్య గబగబా బొట్టు పెట్టాడు. తొందరలో అది కనుబొమ్మ మీదికి జారింది. నాగమణమ్మ తుడుచుకోలేదు. తాళాల గుత్తి గలగలమంటుండగా తాను వేసిన పాదాల వెంటే నడిచి ఇంట్లోకి వచ్చింది. ఇనుప్పెట్టె తెరుచుకుంది, అమ్మవారు పీట మీదికి వచ్చింది, హారతి వెలిగింది. అప్పటికి ఎనిమిది దాటిందో లేదో బసవయ్య చూడలేదు. స్రవ్య చూసింది గానీ చెప్పలేదు.

ఆ తర్వాత బసవయ్య పట్టుపంచె పైకి కట్టి వంటింట్లోకి వెళ్ళాడు. ఆ ఇంట్లో పుట్టి పెరిగాడు గానీ చాయ్‌పత్తా ఏ డబ్బాలో ఉంటుందో అతనికి తెలియదు. జీలకర్ర డబ్బా, మెంతుల డబ్బా తెరిచి మూశాడు. పాలు ఒకసారి పొంగి పొయ్యి ఆరిపోయింది. గడప దగ్గర కుర్చీలో కూర్చున్న నాగమణమ్మ ఆ చప్పుళ్ళన్నీ విన్నది, లేవలేదు. చివరికి అతను కప్పు తెచ్చి రెండు చేతులతో అందించి, ఆమె మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. మిర్చి నమూనా చూపించి గిరాకీ మొహం చూసేటప్పుడు కూడా అంత ఆత్రంగా చూసేవాడు కాదు.

ఫోన్ మోగింది.

"ఏమైంది బసవన్నా? లక్ష్మి వచ్చిందా లేదా? లారీ డ్రైవర్ అడుగుతున్నడు."

"వచ్చింది భాయ్, కూసున్నది" అన్నాడు బసవయ్య. "లారీ సంగతి జర ఆగు. చాయ్‌ల శక్కర తక్కువైందట, ముందుగాల గది చూస్త."